సభలో లేని పాట, ఫోన్‌లో ఉన్న పాట: ‘నువ్వంటే ప్రాణమని’ ఎందుకు పక్కకు పోయింది?

క్లుప్తంగా

2004 నాటి ‘నా ఆటోగ్రాఫ్’ సినిమాలోని మూడు పాటలను ఒకే కవి, ఒకే సంగీత దర్శకుడు చేశారు. రెండు జనంలో పడ్డాయి. మూడోది విరహగీతం. అది బయట పెద్దగా వినిపించదు గానీ ఫోన్లలో బతికింది. తేడా పాట బాగోగుల్లో లేదు. ఆ పాట ఎవరితో మాట్లాడుతోంది, దాన్ని దేని మీద, ఎవరి మధ్య వింటారు అన్నవే దాని తలరాత రాశాయి. ఉత్తర తెలంగాణలో ఆ ఖాళీని ఇప్పుడు బీటు మీద నడిచే ‘లవ్ ఫెయిల్యూర్’ జానపదం నింపుతోంది.

ఒకే సినిమా, మూడు దారులు

వేసవి సెలవులు మొదలైతే వరంగల్, కరీంనగర్ జిల్లా పేజీల్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనాల వార్తలు వరస కడతాయి. ఫలానా జిల్లా పరిషత్ హైస్కూల్, ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్, పాత సార్లకు శాలువాలు, ఫ్లెక్సీ ముందు గ్రూప్ ఫొటో. అక్కడ సౌండ్ బాక్సులు పెట్టాక ‘గుర్తుకొస్తున్నాయి’ పాట రాకుండా కార్యక్రమం ముగియడం అరుదు. అదే బడిలో వార్షికోత్సవం జరిగితే ఏ ఎనిమిదో తరగతి అమ్మాయో మైకు పట్టుకుని ‘మౌనంగానే ఎదగమని’ పాడుతుంది. రెండూ ఒకే సినిమాలోవి. 2004 ఆగస్టులో విడుదలైన ‘నా ఆటోగ్రాఫ్’. సంగీతం ఎం.ఎం.కీరవాణి, రాసింది చంద్రబోస్. మొదటిది కేకే పాడారు, రెండోది చిత్ర.

అదే ఆల్బమ్‌లో, ఆ ఇద్దరే చేసిన మూడో పాట ‘నువ్వంటే ప్రాణమని’. పాడింది విజయ్ ఏసుదాస్. ప్రేమ పోగొట్టుకున్నవాడు తనలో తాను పాడుకునే పాట. ఇది సమ్మేళనాల్లో ఉండదు, వార్షికోత్సవాల్లో ఉండదు, పెళ్లి ఆర్కెస్ట్రా లిస్టులో ఉండే ప్రశ్నే లేదు. చంద్రబోస్ మంచి పాటలు చెప్పమంటే దీని పేరు చాలా ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. అలాగని జనం మరిచిపోయిన పాటా కాదు. వాట్సాప్ స్టేటస్‌ల్లో, ‘లవ్ ఫెయిల్యూర్’ పేరుతో తిరిగే జ్యూక్‌బాక్సుల్లో, రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్‌లో ఇది ఇరవై ఏళ్లుగా నడుస్తూనే ఉంది.

మరి ఇది హిట్టా, ఫట్టా? ఈ ప్రశ్నకు సూటి జవాబు దొరక్కపోవడానికి కారణం హిట్టును కొలిచే పద్ధతే. థియేటర్లో ఈలలు, ఊరేగింపులో డాన్సులు, టీవీ షోలో మళ్లీ మళ్లీ పాడించడం, ఇవన్నీ పదిమందిలో జరిగేవి. విరహగీతాన్ని పదిమందిలో వినేవాళ్లు తక్కువ. అందుకే లెక్క ఎప్పుడూ తప్పుతుంది.

చల్లగరిగ నుంచి ఆస్కార్ దాకా, మధ్యలో ఈ పాట

చంద్రబోస్ సొంతూరు చిట్యాల మండలం చల్లగరిగ. అప్పట్లో వరంగల్ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయాక జయశంకర్ భూపాలపల్లి కిందికి వెళ్లింది. ఇంజనీరింగ్ చదివిన ఆయన 1995లో ‘తాజ్ మహల్’తో సినిమా పాటల్లోకి వచ్చారు. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు కీరవాణితో కలిసి ఆస్కార్ అందుకున్నారు. అదే ఏడాది ‘కొండపొలం’ పాటకు జాతీయ అవార్డు ప్రకటించారు. సొంతూళ్లో ఆస్కార్ పేరు మీదే గ్రంథాలయం కట్టించారు.

ఆస్కార్ తెచ్చిన జంట, అంతకు పంతొమ్మిదేళ్ల ముందు ఈ విరహగీతం చేసిన జంట ఒకటే. అయినా రెండు పాటలూ రెండు చివర్లలో నిలబడతాయి. ‘నాటు నాటు’ను ఒక్కడే కూర్చుని వినడం ఊహకే అందదు. ‘నువ్వంటే ప్రాణమని’ని నలుగురితో వినడం అంతకన్నా అందదు. ఒకే చేతి నుంచి రెండూ వచ్చాయంటే, ఒకటి ప్రపంచానికి తెలిసి మరొకటి జిల్లా పేజీకి కూడా ఎక్కకపోవడాన్ని ప్రతిభతో ముడిపెట్టలేం.

ఉమ్మడి వరంగల్ నుంచి సినిమా పాటకు వెళ్లినవాళ్లు తక్కువేమీ కాదు. సంగీత దర్శకుడు చక్రి మహబూబాబాద్ దగ్గరి కంబాలపల్లివాడు. గీత రచయిత కందికొండ నర్సంపేట వైపు నాగుర్లపల్లి నుంచి వచ్చారు. ఆయన మొదటి సినిమా పాట, 2001లో ‘ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం’ కోసం రాసిన ‘మళ్లి కూయవే గువ్వా’, చక్రి బాణీకే. హనుమకొండకు చెందిన కాసర్ల శ్యామ్‌కు ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’ పాట జాతీయ అవార్డు తెచ్చింది. ఇంతమంది ఉన్న ప్రాంతంలో కూడా వినేవాళ్లకు పాట గుర్తుంటుంది, హీరో గుర్తుంటాడు, రాసినవాడు పక్క మండలంవాడని తెలియదు. విరహగీతాల విషయంలో ఈ మరుపు ఇంకా ఎక్కువ. ఎందుకన్నది కిందికి వెళ్లే కొద్దీ తేలుతుంది.

పాట కన్నా ముందు సినిమా ఓడింది

తమిళంలో చేరన్ తీసిన ‘ఆటోగ్రాఫ్’కు ఇది రీమేక్. పెళ్లికి పిలవడానికి బయల్దేరిన ఒకడు తన జీవితంలోకి వచ్చి వెళ్లినవాళ్లను తలుచుకుంటూ సాగే కథ. ఛాయాగ్రాహకుడిగా పేరున్న ఎస్.గోపాలరెడ్డి దర్శకత్వం వహించారు. హీరో రవితేజ. అప్పటికి ‘ఇడియట్’, ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’, అదే ఏడాది వచ్చిన ‘వెంకీ’ కలిసి రవితేజ అంటే ఏమిటో జనానికి ఖాయం చేసి పెట్టాయి: నోటి దురుసు, నవ్వులు, దూకుడు. మెల్లగా నడిచే జ్ఞాపకాల కథలో ఆయన్ను చూడటానికి ఆ ప్రేక్షకులు సిద్ధంగా లేరు. తమిళంలో అంత పేరు తెచ్చుకున్న కథ ఇక్కడ అనుకున్నంత ఆడలేదు.

సినిమా ఆడనప్పుడు అందులోని పాటలన్నిటికీ ఒకే నష్టం జరగదు. కథ తెలియకపోయినా అర్థమయ్యే పాట బయటపడుతుంది. ‘మౌనంగానే ఎదగమని’ ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలియనక్కర్లేదు, చెట్టు తెలిస్తే చాలు. ‘గుర్తుకొస్తున్నాయి’కి ఎవరి బాల్యం వాళ్ల దగ్గరే ఉంది. విరహగీతానికి మాత్రం వెనక ఒక మనిషి కావాలి. వాడెవడు, ఎవరిని పోగొట్టుకున్నాడు, తప్పెవరిది? ఆ సమాచారమంతా సినిమాలో ఉంది. సినిమా చూడనివాళ్లకు అది ఎవడిదో ఏడుపు.

పైగా అదే ఏడాది పోటీ గట్టిగా ఉంది. ‘వర్షం’, ‘ఆర్య’లతో దేవిశ్రీప్రసాద్ బీట్లు ఆటోల్లో, కాలేజీ ఫంక్షన్లలో దడదడలాడుతున్నాయి. ఇక ప్రేమ పోయిన బాధకు సంబంధించిన చోటు ‘7/జి బృందావన కాలనీ’ తీసుకుంది. యువన్ శంకర్ రాజా స్వరపరచగా కార్తీక్ పాడిన ‘కన్నుల బాసలు తెలియవులే’ సినిమాతో పాటే జనంలోకి వెళ్లింది. అక్కడ కథకు, పాటకు ముడి గట్టిగా పడింది. సినిమా చూసి బయటికొచ్చిన ప్రతి కుర్రాడూ ఆ పాటను వెంట తెచ్చుకున్నాడు. ‘నువ్వంటే ప్రాణమని’కి అలా మోసుకెళ్లే థియేటర్ జనం దొరకలేదు.

సినిమాలో విరహగీతానికి దొరికే చోటు కూడా చెడ్డదే. చాలా కథల్లో అది ఇంటర్వెల్ తర్వాత, క్లైమాక్స్‌కు కాస్త ముందు వస్తుంది. అప్పటికి ప్రేక్షకుడికి కథ ఎటు పోతుందో తెలుసుకోవాలన్న తొందర ఉంటుంది. పాట మొదలైతే కొందరు బయటికి లేస్తారు. నిడివి ఎక్కువైందని టాక్ వస్తే కత్తెర మొదట పడేదీ దాని మీదే. ఫైటును కోయరు, ఐటెం పాటను కోయరు.

అమెరికాలోనూ ఇదే వరస

ఇది తెలుగు సినిమాకే ఉన్న జబ్బు కాదు. 1995 చివర్లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘వెయిటింగ్ టు ఎక్స్‌హేల్’లో గాయని విట్నీ హ్యూస్టన్ నటించి, మూడు పాటలు పాడారు. ఆల్బమ్ స్వరకర్త బేబీఫేస్ చేతుల మీదుగా తయారైంది. మొదట వదిలిన ‘ఎక్స్‌హేల్’ అక్కడి పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో అడుగుపెట్టడమే ఒకటో స్థానంలో పెట్టింది. ప్రేమ ఎందుకింత నొప్పి పెడుతుందని అడిగే ‘వై డజ్ ఇట్ హర్ట్ సో బ్యాడ్’ను 1996 జులైలో గానీ సింగిల్‌గా వదల్లేదు. అప్పటికి సినిమా వచ్చి ఏడు నెలలు. ఆ పాట 26వ స్థానం దగ్గర ఆగిపోయింది. పాడినామె గొంతు మారలేదు, స్వరకర్త మారలేదు. మారింది వరస.

ఇక్కడ ఇప్పుడు నడుస్తున్న పద్ధతి కూడా అంతే. మొదటి సింగిల్‌గా హుషారు పాట, రెండోదిగా డ్యూయెట్, మూడోదిగా మాస్ పాట లేదా టైటిల్ పాట లిరికల్ వీడియోగా వస్తాయి. విషాదగీతం చాలాసార్లు విడుదల రోజున మొత్తం జ్యూక్‌బాక్స్‌లో చివరి పాటగా చేరుతుంది. ప్రచారం చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే అందులో తర్కం ఉంది. సినిమా రాకముందే హీరో ఏడుపు చూపిస్తే కథ బయటపడుతుంది, పైగా టికెట్లు తెగేది స్టెప్పులకే. ఆ తర్కానికి మూల్యం ఎప్పుడూ ఒకే పాట చెల్లిస్తుంది.

అందరికీ వినిపించే రోజుల్లో

పాట తలరాతలో బాణీకి ఎంత వాటా ఉందో, వినే సామానుకూ అంత వాటా ఉంది. ఉత్తర తెలంగాణ ఊళ్లలో చాలాకాలం పాట అంటే అందరికీ కలిపి వినిపించేదే. హోటల్లో రేడియో, ప్రైవేటు బస్సులో టేప్ రికార్డర్, పెళ్లింటి మీద మైకు సెట్టు, గణేశ్ మండపం. ఏ పాట వేయాలన్నది హోటల్ ఓనరో డ్రైవరో నిర్ణయిస్తాడు. పొద్దున్నే భక్తి పాటలు, మధ్యాహ్నం ఘంటసాల, సాయంత్రం కొత్త సినిమా. ప్రేమ విఫలమైనవాడి గోడు వేసి గిరాకీని ఎవరు చెడగొట్టుకుంటారు?

రేడియోలో కోరిన పాటల కార్యక్రమానికి మరో చిక్కు ఉంది. ఉత్తరం రాసినవాళ్ల పేరు, ఊరు చదివి గానీ పాట వేయరు. ఫలానా ఊరి ఫలానా అబ్బాయి విరహగీతం కోరాడని ఆకాశవాణిలో చదివితే, సాయంత్రానికి ఊళ్లో పంచాయితీ. ఆ పాటను ఇష్టపడేవాళ్లు ఎంతమంది ఉన్నా, ఇష్టమని చెప్పుకునే దారి లేదు.

పట్నంలో క్యాసెట్ షాపులు కొంత దారి ఇచ్చాయి. వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే ఖాళీ క్యాసెట్ మీద రికార్డు చేసి ఇచ్చేవాళ్లు. 60 నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. అక్కడే మొదటిసారి పాట సినిమా నుంచి విడిపోయింది. వినేవాడు తన మూడ్ ప్రకారం వరస కట్టుకున్నాడు. అయితే క్యాసెట్ పెట్టాల్సింది ఇంట్లోని ఒకే ఒక్క టేప్ రికార్డర్‌లో. ముందు గదిలో నాన్న ఉంటాడు.

ఫోల్డర్ పేరు లవ్ ఫెయిల్యూర్

అసలు మలుపు మెమొరీ కార్డుతో వచ్చింది. చవక మల్టీమీడియా ఫోన్లు చేతికొచ్చిన ఆ కొన్నేళ్లలో ప్రతి మండల కేంద్రంలో, బస్టాండ్ పక్కన, రీచార్జ్ షాపుల్లో ఒక కంప్యూటర్, ఒక కార్డ్ రీడర్ వెలిశాయి. గాజు కౌంటర్ కింద బ్యాటరీలు, ఫోన్ కవర్లు. కౌంటర్ మీద ‘పాటలు ఎక్కించబడును’ అన్న బోర్డు. కార్డు తీసి ఇస్తే కొన్ని రూపాయలకు నింపి ఇచ్చేవాళ్లు. కుర్రాళ్లు సినిమా పేర్లు చెప్పేవాళ్లు కాదు, రకం చెప్పేవాళ్లు. కంప్యూటర్‌లో పాటలు కూడా రకాలుగానే ఉండేవి: కొత్తవి, పాతవి, డీజే, అయ్యప్ప, జానపదం, తెలంగాణ ఉద్యమం, లవ్ ఫెయిల్యూర్.

‘నువ్వంటే ప్రాణమని’ లాంటి పాటలకు రెండో పుట్టుక అక్కడే జరిగింది. ఆ ఫోల్డర్‌లో సినిమా ఆడిందా లేదా అన్న తేడా లేదు. 1988 నాటి ‘అభినందన’లోని బాలసుబ్రహ్మణ్యం పాటల పక్కనే 2004 పాట, దాని పక్కనే నిన్నటి పాట. రెండు దశాబ్దాల విరహం ఒకే వరసలో మోగేది. హీరో ఇమేజ్ కూడా అడ్డు రాలేదు. సినిమా చూడని కుర్రాడికి ఆ గొంతు రవితేజది అన్న ఊహ కూడా ఉండదు. అది తనదే.

ఇయర్‌ఫోన్స్ మిగిలిన అడ్డును తీసేశాయి. వినేవాడికి తప్ప ఎవరికీ తెలియకుండా వినే వసతి ఊళ్లోకి మొదటిసారి వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో మొదలై డేటా చవకయ్యాక ఆ ఫోల్డర్ యూట్యూబ్ ప్లేలిస్టుగా మారింది, పేరు మాత్రం అదే ఉంది.

మధ్యలో కాలర్ ట్యూన్ల కాలం ఒకటి నడిచింది. విరహగీతాన్ని కాలర్ ట్యూన్‌గా పెట్టుకుంటే, తనకు ఏమైందో ఎవరికీ చెప్పకుండానే ఫోన్ చేసినవాళ్లందరికీ చెప్పినట్టు. అందులో ఆమె కూడా ఉండొచ్చన్న ఆశే అసలు కథ. ఎరువుల షాపతను, కాలేజీ క్లర్కు కూడా అదే వినాల్సి వచ్చేదన్నది వేరే సంగతి. వాట్సాప్ స్టేటస్ ఇప్పుడు చేస్తున్న పనీ ఇదే. తేడా ఏమిటంటే, స్టేటస్‌ను ఎవరు చూశారో కనిపిస్తుంది.

ఈ రెండో పుట్టుకకు ఖర్చు కూడా ఉంది. కార్డులో ఎక్కించిన పాట నుంచి రాసినవాళ్లకు గానీ పాడినవాళ్లకు గానీ రూపాయి వెళ్లలేదు. అదంతా దొంగ కాపీయే. ఫైలు పేరులో పాట మొదటి మాట, ఏదో ఒక వెబ్‌సైట్ పేరు ఉండేవి. కవి పేరు ఉండేది కాదు. క్యాసెట్ అట్ట మీద చిన్న అక్షరాల్లోనైనా ఉన్న చంద్రబోస్ పేరు, పాట అత్యధికంగా వినబడ్డ చోట పూర్తిగా మాయమైంది. పాట బతకడం, కవి పేరు పోవడం ఒకే కౌంటర్ దగ్గర జరిగాయి.

వేదాంతం అయితే మైకు ఇస్తారు

అలాగైతే తెలుగులో ఏ విరహగీతమూ సభ ఎక్కలేదా అంటే ఎక్కింది. 1953 ‘దేవదాసు’లో ఘంటసాల పాడిన ‘జగమే మాయ’ను ఇప్పటికీ స్టేజీల మీద పాడతారు. 1971 ‘ప్రేమ్ నగర్’లో ఆత్రేయ రాసిన ‘మనసు గతి ఇంతే’ కూడా అంతే. ఈ రెండిట్లోనూ బాధపడుతున్నవాడు తన సంగతి వదిలి లోకం సంగతి ఎత్తుకుంటాడు. జగత్తు ఇంతే, మనిషి బతుకు ఇంతే. వేదాంతంలోకి మారిన దుఃఖాన్ని ఎవరైనా పాడొచ్చు. పాడినవాణ్ని ‘నీకేమైంది?’ అని అడగరు, ‘భలే పాడావు’ అంటారు. 2005 ‘చక్రం’లో సిరివెన్నెల రాయగా చక్రి స్వరపరచిన ‘జగమంత కుటుంబం నాది’ సినిమా పోయినా నిలబడటానికీ ఇదే కారణంలా కనిపిస్తుంది. పాడుతున్నది ఏకాకే. కానీ ఆ ఒంటరితనం లోకం మొత్తాన్ని కావలించుకుంటుంది.

‘నువ్వంటే ప్రాణమని’ అలా లోకంలోకి వెళ్లదు. ఇందులో వాక్యాల అమరిక చూడాలి. చాలా వాక్యాలు దగ్గరున్నవాటిని లెక్కపెట్టుకుంటూ వచ్చి, చివర్లో లేని ఆ ఒక్కదాని దగ్గర ఆగుతాయి. చరణంలో ప్రేమంటే ఇంతేనా అని ఒక సూత్రం వైపు అడుగు వేస్తాడు, కానీ దాన్ని తీర్పుగా చెప్పడు, ప్రశ్నగా వదిలేస్తాడు. అడగడానికీ ఎవరూ లేరు, తనను తానే అడుక్కోవాలంటాడు. పల్లవిలోనూ చెప్పుకోవడానికి తానే దిక్కు. పాట తలుపులన్నీ లోపలికే తెరుచుకుంటాయి. ఇదే దాని బలం, సభకు పనికిరాకపోవడానికి కారణమూ ఇదే. మైకు ముందు నిలబడి ‘నాకు చెప్పుకునే దిక్కు లేదు’ అనడం ఎవరికైనా ఇబ్బందే.

పక్కనున్న రెండు పాటలు ఎవరితో మాట్లాడుతున్నాయో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ఒకటి ఎదుటివాడికి ధైర్యం చెబుతుంది. ఇంకోటి ఒక్క మాటను పదే పదే అందిస్తూ వినేవాళ్లను కలుపుకుంటుంది. మూడోది ‘నువ్వు’ అని పిలిచే మనిషి ఎదుటే లేదు.

చావుకు శోకం ఉంది, ప్రేమకు లేదు

ఉత్తర తెలంగాణ పల్లెకు దుఃఖాన్ని బయటపెట్టడం తెలియదనలేం. చావు ఇంట్లో శోకాలు పెట్టి ఏడవడం, పోయినవాళ్ల గుణాలు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ రాగం తీయడం పాత ఆచారం. ఒగ్గు కథలో, బుడగ జంగాల పాటలో ఊరంతా కూర్చుని కళ్లు తుడుచుకుంటుంది. 2023లో వచ్చిన ‘బలగం’ క్లైమాక్స్‌లో దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడింది ఆ సంప్రదాయపు పాటే. ఊళ్లలో తెరలు కట్టి ఆ సినిమా వేస్తే జనం గుంపుగా కూర్చుని ఏడ్చారు. ఆ పాట ఎంత నెమ్మదైనదైనా ఎవరూ లేచి పోలేదు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు.

అంటే నెమ్మది పాటను జనం భరించలేరన్న మాట నిజం కాదు. చావుకు ఊరి అనుమతి ఉంది. పోయిన ప్రేమకు లేదు. ప్రేమ విఫలమైందని బయటపెడితే, ఎవరితో అన్న ప్రశ్న వస్తుంది. దాని వెనక ఒక అమ్మాయి ఇల్లు, కులం, ఇజ్జత్ అన్నీ బయటికొస్తాయి. ఏడవడానికి చాప పరిచే చోటు లేని దుఃఖం కాబట్టే అది ఇయర్‌ఫోన్స్‌లోకి దూరింది. ఇక్కడ సినిమా పాటకు ఒక సుగుణం ఉంది. అది ఎవరి పేరూ చెప్పదు. పేరు లేని బాధను ఎవరైనా తనదిగా వాడుకోవచ్చు, ఎవరూ పట్టుబడరు.

బీటు కట్టిన ఏడుపు

గత కొన్నేళ్లలో ఈ లెక్కను యూట్యూబ్ జానపదం మార్చింది. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, వరంగల్ ప్రాంతాల్లో చిన్న చిన్న బృందాలు చెరువు కట్టల మీద, పత్తి చేన్లలో, అద్దె కెమెరాలతో తీస్తున్న పాటల్లో లవ్ ఫెయిల్యూర్ ఒక పెద్ద రకం. మాటలన్నీ ఏడుపే: నమ్మించి పోయినవు, పైసలున్నోణ్ని చేసుకున్నవు, నీ పెళ్లి డప్పు నా గుండెల మోగుతున్నది, ఇలాంటి ధోరణి. కింద నడిచే తాళం మాత్రం తీన్మార్‌కు దగ్గర. అందుకే బరాత్‌లో డీజేవాడు లవ్ ఫెయిల్యూర్ పాట వేస్తే కుర్రాళ్లు ఎగురుతారు. బయటివాళ్లకు ఇది వింతగా కనిపిస్తుంది. పెళ్లి ఊరేగింపులో ప్రేమ పోయిన పాటేమిటి? ఆ పాటకు ఎగిరేవాళ్లలో ఏడ్చేవాడు కూడా ఉండొచ్చు, ఎవరికీ తెలియదు. సినిమా విరహగీతం ఇవ్వలేని వసతి ఇదే: పదిమంది మధ్యలో, ఇజ్జత్ పోకుండా బాధపడటం.

గల్ఫ్ వలస దీనికి మరో పొర కలిపింది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు దుబాయికో మస్కట్‌కో పోయినవాడు తిరిగొచ్చేసరికి ఆమె పెళ్లయిపోవడం పాటల్లో పదే పదే వచ్చే కథ. అది ఊరికి తెలిసిన కథ కాబట్టి వెనక సినిమా అవసరం లేదు. ‘నా ఆటోగ్రాఫ్’ పాటకు లోటైన నేపథ్యం ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంది.

రెండిటినీ పక్కపక్కన పెడితే జానపదానికి ఒక లోపం కనిపిస్తుంది. చాలా పాటల్లో తప్పంతా అమ్మాయిదే. ఆమె మోసగత్తె, డబ్బుకు ఆశపడింది, శాపనార్థాలు. ఎదుట మనిషి ఉంటేనే ఎగరడానికి ఊపు వస్తుంది కాబట్టి తిట్టడానికి ఒక మనిషి కావాల్సి వస్తోంది. చంద్రబోస్ పాటలోనూ నింద ఉంది. వెంట వస్తానని చెప్పి మరొకరిదానివయ్యావని, దేవతలోనూ ద్రోహం ఉందని తెలిపావని ఆమెను అంటాడు. ఈ విషయంలో సినిమా పాట కూడా పూర్తిగా వేరు కాదని ఒప్పుకోవాలి.

ఇక ముందు ఏమవుతుంది

స్ట్రీమింగ్ యాప్‌ల లెక్కలు విరహగీతానికి సగం మేలు, సగం కీడు. స్పాటిఫై లాంటి యాప్‌లో ముప్పై సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క. మెల్లగా మొదలయ్యే పాట ఆ గీత దాటకముందే కొందరు తర్వాతి పాటకు దూకేస్తారు. అందుకే కొత్త విరహగీతాల్లో ముందు వాద్యసంగీతం కుదించి నేరుగా గొంతుతో మొదలుపెట్టడం పెరుగుతోంది. మరోవైపు, రాత్రిపూట ఒంటరిగా పదిసార్లు విన్న పాట కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తుంది. క్యాసెట్ కాలంలో అది ఒక్క అమ్మకమే.

రీ రిలీజ్‌లు ఊహించని పని చేస్తున్నాయి. 2010లో బోల్తా పడిన ‘ఆరెంజ్’ 2023లో మళ్లీ వచ్చినప్పుడు థియేటర్లో జనం ప్రతి పాటనూ కోరస్‌గా పాడారు. అదే ఏడాది ‘7/జి’ కూడా తిరిగొచ్చింది. ఒంటరిగా వినే పాట పదిమందిలోకి రాదన్న మాటకు ఇది విరుద్ధంగానే కనిపిస్తుంది. కానీ అక్కడ పాడుతున్నవాళ్లు ఆ పాటను థియేటర్లో నేర్చుకోలేదు. ఏళ్ల తరబడి ఎవరి ఫోన్‌లో వాళ్లు విని వచ్చి, పక్కవాడికి కూడా ఇదే వచ్చని చీకట్లో కనిపెట్టారు. చీకటి, గుంపు, సినిమా అనే సాకు, మూడూ కుదిరితే విరహగీతానికీ సభ దొరుకుతుందని దీన్ని బట్టి అనుకోవచ్చు.

డబ్బు సంగతి కొంత మెరుగు. 2012 కాపీరైట్ సవరణ తర్వాత సినిమా హాలు బయట పాట వాడకం మీద గీత రచయితకు, స్వరకర్తకు రాయల్టీ వాటా హక్కుగా ఉంది. దాన్ని పూర్తిగా అమ్ముకోవడానికి కూడా చట్టం ఒప్పుకోదు. పాత పాట లక్షల స్టేటస్‌ల్లో తిరిగితే ఆ లెక్క ఎంతవరకు వసూలవుతుందన్నది ఆచరణలో ఉండే చిక్కు.

పేరు సంగతే ఇంకా తేలలేదు. యాప్‌లో పాట పేరు కింద కనిపించేది పాడినవాళ్లు, సంగీత దర్శకుడు. రాసినవాళ్ల పేరు కావాలంటే మూడు చుక్కలు నొక్కి లోపలికి వెళ్లాలి. స్టేటస్‌కు కత్తిరించిన ముక్కలో అదీ ఉండదు. ఊరి జానపద వీడియోలో ఇందుకు పూర్తిగా భిన్నం. పాట మొదలవకముందే రాసినవాడి పేరు, పాడినవాళ్ల పేర్లు, కెమెరా, ఎడిటింగ్, డాన్సు చేసినవాళ్లు, కొన్నిసార్లు తినడానికి ఏర్పాటు చేసిన దోస్తుల పేర్లు కూడా తెర మీద పడతాయి. రాసినవాడు చాలాసార్లు ఆ ఊరివాడే కాబట్టి, పేరు వేయకపోతే మర్నాడు టీ కొట్టు దగ్గర అడుగుతాడు.